ముద్దు సీనులో సమోసాలు

కంకిపాడులోని ఒక పాత సినిమా హాల్లో గంగారత్నం ఇరవై ఆరేళ్లుగా సమోసాలు అమ్ముతోంది. ఇంటర్వెల్లో ఎవరైనా అమ్ముతారు, అదేమంత గొప్ప కాదు. ఆమె గొప్పతనమంతా ముద్దు సీనులో ఉంది.

కొత్త బొమ్మ పడిన రోజు మార్నింగ్ షో మొత్తం గోడవారన నిలబడి చూస్తుంది. హీరో హీరోయిన్లు ఎక్కడ మరీ దగ్గరవుతారో గుర్తుపెట్టుకుంటుంది. మ్యాట్నీ నుంచి సరిగ్గా ఆ ఘడియకే ట్రే పట్టుకుని బాల్కనీలోకి వస్తుంది. అప్పటికి అక్కడ మామగారు పైనున్న ఫ్యాన్లు లెక్కపెడుతుంటాడు, కోడలు పైట సర్దుకుంటుంటుంది, తండ్రికి ఉన్నట్టుండి ఫోన్ గుర్తొస్తుంది. "సమోసాలండీ, వేడి సమోసాలు!" అన్న కేక వినపడగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఆకలి లేనివాడు కూడా రెండు పొట్లాలు అడుగుతాడు. చిల్లర వెతుక్కునేసరికి తెర మీద వాళ్లు విడిపోయి ఉంటారు. కుటుంబాల పరువు కాపాడే దేవతవని మేనేజర్ బసవపున్నయ్య ఆమెను ఆటపట్టిస్తాడు గానీ, అందులో అబద్ధమేమీ లేదు.

తలలు తెగే సీనుల్లో మాత్రం ఆమె లోపలికి వెళ్లదు. అప్పుడు హాలంతా ఈలలు, ఎగిరే కాగితం ముక్కలు. పిల్లలను ఒళ్లో నిలబెట్టి మరీ చూపిస్తారు. నరుకుళ్లు చూడ్డానికి మనవాళ్లకు సిగ్గెందుకు? ఇక అక్కడ తనకేం పని అనుకునేది గంగారత్నం.

మొన్న వేసవిలో ఆమె కొడుకు హేమసుందర్‌కి పెళ్లయింది. కోడలు శ్రీదుర్గ బెజవాడలో ఒక ఆసుపత్రిలో నర్సు, యాక్సిడెంటు కేసుల వార్డులో పని. ఆ పిల్ల తన హాల్లో కూర్చుని, తన చేతి సమోసాలు తింటూ సినిమా చూడాలని గంగారత్నానికి ఒకటే కోరిక. ఒక ఆదివారం వియ్యాలవారితో సహా పిలిచింది. ముద్దు సీనుకి వేళ తప్పకుండా వెళ్లింది. వియ్యంకుడుగారు గబగబా మూడు తిన్నారు. అంతా సవ్యంగానే నడిచింది.

తర్వాత కత్తుల ఫైటు మొదలైంది. కోడలు ఎంత సరదాపడుతోందో చూద్దామని గంగారత్నం తలుపు సందులోంచి తొంగిచూసింది. శ్రీదుర్గ కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో సీటు పట్టుకుని ఉంది.

"ఏంటమ్మా, బాగాలేదా?" అని ఆట వదిలాక అడిగింది.

"సినిమా బానే ఉందత్తయ్యా. మా వార్డుకి అట్లా తెగిన చేతులతోనే వస్తారు. వాళ్ల అరుపులు నాకు తెలుసు. ఆ అరుపుకి ఇక్కడ ఈలలేస్తుంటే ఉండలేకపోయాను. ఇంకోసారి పిలవకండి, ఏమీ అనుకోకండి."

గంగారత్నానికి మనసు చివుక్కుమంది. కోడలి మీద కాదు, తన మీదే. ఇన్నేళ్లూ సిగ్గుపడేవాళ్లకు గొడుగు పట్టింది గానీ, భయపడేవాళ్లు కూడా ఉంటారని ఏనాడూ తోచలేదు.

వారం తిరక్కుండా బతిమాలి మళ్లీ తీసుకొచ్చింది. తెర మీద మొదటి కత్తి లేవగానే ట్రేతో వెళ్లి కోడలి ముందు అడ్డంగా నిలబడింది.

"ఫైటప్పుడు ఎవరు కొంటారమ్మా? అడ్డం లే!" అని వెనకనుంచి అరిచారు.

"నా కోడలు కొంటుందయ్యా, కాస్త ఆగండి!"

శ్రీదుర్గ నవ్వాపుకోలేక పొట్లం అందుకుంది. అంతలో పక్క వరసలోంచి ఇంకో చెయ్యి లేచింది. మీసాలు మెలితిప్పిన పెద్దమనిషి, అందరికంటే గట్టిగా ఈలలేసినవాడే.

"నాక్కూడా ఒకటివ్వమ్మా," అన్నాడు తెరవైపు చూడకుండా. "చిల్లర నిదానంగా ఇద్దువుగాని, తొందరేం లేదు."