శ్యామల ఎనిమిది వారాల లెక్క

టొరంటో పక్కన ఎటోబికోలో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే శ్యామల అన్నీ రాసిపెట్టుకునే మనిషి. పెళ్లైన నెలకే చదువుకని వచ్చి, ఏడాదిన్నర ఒంటరిగా నెట్టుకొచ్చింది. ఎయిర్‌పోర్టు దగ్గరి గోడౌన్‌లో పార్సిళ్లు సర్దే పని. చెత్తబండి వచ్చే రోజు కూడా ఆమె గోడ క్యాలెండర్‌లో ఉంటుంది. మొగుడు అనంత్ విమానం దిగిన మార్చి నాలుగో తేదీకైతే ఎర్ర స్కెచ్‌పెన్నుతో మూడు చుట్లు చుట్టింది. నెలసరి తేదీ ఒక్కటే రాసుకోలేదు. ఎప్పుడూ వేళకి రానిదానికి రాయడమెందుకని.

అందుకే నెల తప్పాక, ఎన్ని వారాలో స్కాన్ చూసి చెబుతానంది డాక్టరు. ఏప్రిల్ పదిహేడు పొద్దున్నే వాళ్లతో నేనూ బయల్దేరాను. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. తెర మీద చిక్కుడు గింజంత బిడ్డ. స్కాన్ తీసే అమ్మాయి పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెట్టి పొడవు కొలిచింది. ఎంతని నాకొచ్చిన ఇంగ్లీషులో మూడుసార్లు అడిగాను. డాక్టరే చెబుతుందంది మూడుసార్లూ.

పై అంతస్తులో డాక్టరు రిపోర్టు చూసింది. పదిహేడు మిల్లీమీటర్లట, ఎనిమిది వారాల ఒక రోజట, గుండె చక్కగా కొట్టుకుంటోందట. మాకు కాళ్లు నేల మీద నిలవలేదు. కారు దగ్గరికి రాగానే అనంత్ వరంగల్‌లో ఉన్న వాళ్లమ్మ కమలకుమారికి వీడియో కాల్ చేశాడు.

"ఎన్ని వారాలన్నరు బిడ్డా?"

"ఎనిమిదమ్మా."

ఆమె వేళ్లు మడవడం ఫోన్లో కనబడుతూనే ఉంది. "నువ్వు పోయి ఆరు వారాలే గదరా."

అనంత్ వేళ్లు కూడా ఒక్కొక్కటే మడతపడ్డాయి. శ్యామల మొహం పాలిపోయింది. "అత్తమ్మా, నేను..." అని ఆగిపోయింది. ఆవిడ నింద వేయలేదు. మళ్లీ మొదటి వేలి నుంచి లెక్కబెట్టసాగింది. నింద వేసినా ఇంతకంటే నయమనిపించింది నాకు.

"ఫోను పెట్టేయకండి వదినగారూ" అని ఫోను లాక్కుని, ఇద్దర్నీ వెంటబెట్టుకుని మెట్లెక్కాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. ఆ రోజు నా మోకాళ్లు కూడా నోరెత్తలేదు.

"ఎనిమిది వారాలంటే ఎప్పటి నుంచమ్మా?" అని కౌంటర్లో నర్సును నా ఇంగ్లీషులోనే అడిగాను.

ఆమె సొరుగులోంచి అరచేయంత అట్ట చక్రం తీసింది. "ఆఖరిసారి వచ్చిన నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. అందరికీ అంతే. తేదీ తెలియకపోతే బిడ్డ పొడవును బట్టి అదే పద్ధతిలో వారాలు చెబుతాం. మొదటి రెండు వారాల్లో అసలు బిడ్డే ఉండదు" అంటూ చక్రం తిప్పి, బాణాన్ని ఫిబ్రవరి పంతొమ్మిది మీద పెట్టింది. రెండు వారాల గీత మార్చి ఐదు మీదికొచ్చింది. "కడుపు నిలిచింది ఇక్కడ. నాలుగు రోజులు అటో ఇటో."

శ్యామల కౌంటరు అంచు పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది.

"నేను నిన్నేమీ అనలేదు కదా" అన్నాడు అనంత్ మెల్లగా.

"అనలేదు. లెక్కబెట్టావు."

అతను తల దించుకున్నాడు. నేను చక్రాన్ని ఫోను ముందు పెట్టి అంతా చెప్పాను. కమలకుమారి కళ్లజోడు సవరించుకుంది.

"అంటే మావోడు దిగిన తెల్లారేనా?"

"చక్రం అదే అంటోంది."

"ఇరవై గంటలు విమానంల కూసున్నోనికి బడలికన్న లేదా?"

తెలుగు రాని నర్సు కూడా మా నవ్వు చూసి నవ్వింది. ఫోన్లో ఆవిడ గొంతు మెత్తబడింది. "శ్యామలా, వేళ్లు మడిచిన. తప్పు నాదే. మనసుల పెట్టుకోకు బిడ్డా. సరేగని, ఏడో నెల సీమంతం మన లెక్కన చెయ్యాల్నా, ఆ అట్ట లెక్కనా?"

"ఏ లెక్కనైనా సరే అత్తమ్మా, ఇవాళ్టి నుంచి నేనే రాసుకుంటా" అంటూ శ్యామల కళ్లు తుడుచుకుని, నర్సు దగ్గర పెన్ను అడిగి తీసుకుంది.