నాయన పోలిక

"...అట్లంటే మా ఇంటాయనకీ, ఆ ఆటో మోహన్‌కీ నాయన ఒకడేనా? పోయిన మా మామను ఎందుకు రూతూ బజారుకీడుస్తాడు మీ ఆయన?"

సంగటి కెలుకుతున్న రూతు తెడ్డుతోనే వాకిట్లోకి వచ్చింది. "ఆ నాయన కాదక్కా. పైనుండే నాయన" అని తెడ్డు ఆకాశంలోకి చూపించింది. పక్కింటి చంద్రకాంతమ్మ కూడా పైకి చూసి, కొంచెం తగ్గింది. సత్యవేడులో సగం ఇళ్ళకు రూతు ఈ సంజాయిషీ ఇచ్చుకుంది.

ఆమె భర్త పరంధామయ్యకున్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ మంచి పని చేసినా ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మొహంలోకి తేరిపార చూసి, "అచ్చం నాయన పోలికే" అంటాడు. నాయనంటే ఆయన ఉద్దేశంలో దేవుడు. వినేవాళ్ళకు మాత్రం ఎవరి నాయన వాళ్ళకున్నాడు. కోర్టు తగాదాలో ఉన్న దాయాది చేను ఎండిపోతుంటే చంద్రకాంతమ్మ మొగుడు తన బోరు నీళ్ళు అటు మళ్ళించాడు. అంతే, పరంధామయ్య చేని గట్టు మీద నిలబడి నువ్వూ మోహనూ ఒకే నాయన బిడ్డలని తేల్చేశాడు.

ఒకసారి తిరుపతి బస్సులో ముసలమ్మకు తన సీటిచ్చిన కండక్టరుతో ఆ మాటే అన్నాడు. మా నాయన నీకెట్లా తెలుసని కండక్టరు మురిసిపోయి, తిరుపతి దాకా వాళ్ళ నాయన కథే చెప్పాడు. పరంధామయ్య ఎక్కడా సరిదిద్దలేదు. దిగాక రూతుతో, "వాళ్ళ నాయన కూడా నాయన పోలికేనే" అన్నాడు.

"ఇన్నేళ్ళుగా సంగటి కెలకతా ఉండా. నాకెప్పుడొస్తుందో ఆ పోలిక" అని ఆమె ఒకసారి దెప్పింది.

"నువ్వు తెడ్డు కింద పెట్టినాక."

ఆ మాటంటే నిజంగా వణికేవాడు మోహన్ ఒక్కడే. వాళ్ళ నాయన మునివెంకటప్ప కోళ్ళ దొంగ. ఎవరి కోడి కనబడకపోయినా ఆటో స్టాండులో వాళ్ళు మోహన్ వైపు చూసి, నాయన పోలికని నవ్వేవాళ్ళు. ఇప్పుడా ముసలాయన జైలు నుంచి వచ్చి నాయుడుపేట బస్టాండులో పడి ఉన్నాడు. కొడుకింటికి వస్తానని కబురు మీద కబురు. రానిస్తే ఊళ్ళో తలెత్తుకోలేనని మోహన్ అటు పోనేలేదు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే సంఘపెద్ద చక్రధర్ లేచాడు. పోయిన పాస్టరుగారి నిలువెత్తు ఫైబరు బొమ్మ గేటు దగ్గర పెడదామన్నాడు. భక్తుడంటే ఎట్లుంటాడో పిల్లలకు తెలియాలట. మొక్కం, ఊరికే చూస్తామన్నాడు. బొమ్మకు కళ్ళద్దాలు పెట్టాలా వద్దా అనే దాకా చర్చ సాగింది.

"బొమ్మ చేసే పని దేవుడు బైబిల్లో మొదటి పుటలోనే ముగించినాడు కదా" అన్నాడు పరంధామయ్య. "తన పోలికలో మనిషిని చేసినాడు. మళ్ళా మనకెందుకప్పా ఆ చాకిరీ?"

"ఆ పోలిక యాడుండాదో చూపించు" అన్నాడు చక్రధర్.

పరంధామయ్య వెనక బెంచీ వైపు వేలు చూపాడు. "అదో, మోహన్. అచ్చం నాయన పోలికే."

చర్చి అంతా గొల్లున నవ్వింది. కోళ్ళను గంప కింద వేసుకోండని ఎవరో అన్నారు. మోహన్ లేచి వెళ్ళిపోయాడు.

రూతు చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడి, కదలబోతున్న ఆటోలో ఎక్కి కూర్చుంది.

"మామ కూడా ఆ మాటే అన్నాడు కదత్తా."

"చక్రధర్ వాళ్ళమ్మ మతి తప్పి రోడ్డెక్కినప్పుడంతా తోడుకోని వచ్చేదెవరు? కొడుకనుకోని పిలిస్తే 'ఆ, అమ్మా' అని పలికేదెవరు? దారి తప్పిందనకుండా, షికారు తిప్పినానని ఇంట్లోవాళ్ళకు చెప్పేదెవరు? మీ మామ అన్నీ చూస్తానే ఉండాడు. స్టాండులో వాళ్ళు నిన్ను మొదట ఆ మాటన్న పొద్దు ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి పాలాయనతో మొదలుపెట్టినాడు. ఊరందరికీ పంచితే నీ ఒక్కని నెత్తిన ఉండదనే కదా..."

తన నోటి నుంచి వచ్చాకే రూతుకూ అది అర్థమైంది. ఇన్నాళ్ళూ తెడ్డు ఎత్తి సంజాయిషీలు చెప్పుకుంది.

అంతలో చక్రధర్ తల్లి చర్చి మెట్లు దిగి నేరుగా ఆటో దగ్గరికి వచ్చింది. వెనకే పరుగున వచ్చిన చక్రధర్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇంటికి పోదామా నాయనా?" అంది ఆమె మోహన్‌తో.

"ఆ, అమ్మా." మోహన్ దిగి, ఆమె చెయ్యి పట్టుకుని రూతు పక్కన కూర్చోబెట్టాడు. ఆటో స్టార్టు చేశాడు.

"అత్తా, మిమ్మల్ని దించేసి అట్లే నాయుడుపేటకు పోతా. మా నాయన్ని ఇంటికి తోడుకోని వస్తా."