రోడ్డు మీద పొయ్యి, బెంగళూరు మేస్త్రీ

కృత్రిమ మేధకు లెక్కలు కట్టే పరిశోధకులను ఈ దేశంలో మొట్టమొదట ఎంపిక చేసింది ఏ పెద్ద యూనివర్సిటీ వాళ్లూ కాదు, మా దాది, అంటే మా నాయనమ్మ, తుల్సీబాయి. అదీ హైవే మధ్యలో, చేతిలో గరిటె పట్టుకొని.

ఆమెది రఘునాథపల్లి దగ్గర తండా. ఇప్పటికీ వేలిముద్రే. పెళ్లయిన ఏడాది నుంచి మోకాళ్లు మొరాయించేదాకా ఏటా కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట గుంటూరు దిక్కు మిరపకాయలు ఏరడానికి పోయింది. ఒక ఏడు పని కాగానే కూలి డబ్బులతో మేస్త్రీ మాయమైతే, చంకలో కూతురు ఉమతో మిర్చి బస్తాల లారీ ఎక్కి ఇల్లు చేరింది. అప్పటినుంచి ఏ మేస్త్రీ వచ్చినా ముందు రొట్టె పెట్టేది. అతను తింటుండగానే అడగాల్సినవన్నీ అడిగేది. నోట్లో తమ రొట్టె ఉన్నవాడు అబద్ధమాడడని తండా నమ్మకం.

చంకలోని ఆ ఉమే పెరిగి వరంగల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసింది. ఎన్ని ఉదాహరణలు చూపిస్తే యంత్రం నిజంగా నేర్చుకున్నట్టో లెక్కగట్టడం ఆమె పని. పీహెచ్‌డీకీ పక్కా ఉద్యోగానికీ మధ్య, ఓ ప్రొఫెసర్ దగ్గర రెండేళ్లు చేసే పరిశోధన కొలువును పోస్ట్‌డాక్ అంటారు. బెంగళూరులో అలాంటిది ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ ప్రొఫెసర్ హైదరాబాద్ నుంచి కారులో వస్తూ, ఆ రోజు వరంగల్‌లో ఉమను చూస్తానన్నాడు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సుల్లేక ఉమ తండాలోనే చిక్కుకుపోయింది. రఘునాథపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు. పప్పు దగ్గర తుల్సీబాయి. ఉప్పు ఎక్కువేస్తుందని అందరికీ తెలుసు, కానీ గరిటె ఎవరికీ ఇవ్వదు.

కారు ఆగిపోయిందనీ, దారి దొరక్కపోతే వెనక్కి వెళ్లిపోతాననీ ప్రొఫెసర్ ఉమకు ఫోన్ చేశాడు. ఉమ తండా నుంచి పరుగున వచ్చి, ఆ ఒక్క బండిని వదలమని తల్లిని బతిమాలింది. దవాఖాన బండ్లు తప్ప ఏదీ పోవద్దని పొద్దున కట్టుబాటు పెట్టింది తుల్సీబాయే.

"నా బిడ్డ సారని ఇడిస్తే, ఎనకున్నోళ్లకు ఏం జెప్పాలె? తిన్నంక పోతడు. పిలువు," అంది.

ప్రొఫెసర్ వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. ఆ యాస వినగానే ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తుల్సీబాయి మాత్రం విస్తరి వేసి జొన్నరొట్టె పెట్టింది. అతను తుంచి నోట్లో పెట్టుకోగానే మొదలుపెట్టింది. బిడ్డను పనికి తోలుకుపోయేవాడు ఆమె దృష్టిలో మేస్త్రీయే.

ఎన్నాళ్ల పనని అడిగింది. రెండేళ్లన్నాడు. ఆ తర్వాతేమిటంటే మళ్లీ ఇంకోచోట వెతుక్కోవాలన్నాడు. అయితే ఇది సీజన్ పనేనని పక్కవాళ్లకు చెప్పింది. పడుకునే చోటెక్కడ, నీళ్లెంత దూరం, జ్వరమొస్తే ఇంటికి ఎవరు తెస్తారు అని వరసగా అడిగింది. ఉమ సైగలు చేస్తూనే ఉంది. ఆమె అటు చూస్తేగా.

"నా బిడ్డ ఏరిన కుప్ప నా బిడ్డదే ఉంటదా? నీ కుప్పల కలుపుకుంటవా?"

ప్రొఫెసర్ నమలడం ఆపాడు. మిరపచేలో ఎవరేరింది వాళ్ల కుప్పగా పోస్తారనీ, తూకం అయ్యేదాకా మేస్త్రీ దాన్ని ముట్టుకోకూడదనీ ఉమ తలవంచుకొని వివరించింది.

"తన పనికి తన పేరే ఉంటుందమ్మా. నేను చెయ్యనిదాని మీద నా పేరు పెట్టను," అన్నాడతను.

"రొట్టె తినుకుంట జెప్పినవు. యాదుంచుకో."

అతను వెనక్కి వెళ్లే మాట మళ్లీ ఎత్తలేదు. కారు బానెట్ మీద కాగితాలు పరిచి ఉమను ప్రశ్నలడిగాడు. ఒక నిరూపణ దగ్గర ఆమె చిక్కుకుపోయింది. దారి తప్పానని చెప్పి, మరోవైపు నుంచి మొదలుపెట్టింది. తుల్సీబాయి గిన్నెలు తోముతూ అటే చూసింది. పొయ్యిలు ఆరి రోడ్డు తెరుచుకున్నా వాళ్ల లెక్క తెగలేదు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారు.

చలికాలంలో బెంగళూరు నుంచి ఆర్డర్ వచ్చింది. అక్కడ ఉమ రాసిన మొదటి పేపర్ మీద ఆమె పేరొక్కటే ఉంది. ఇంటికి తెస్తే తుల్సీబాయి దాన్ని అరచేతిలో తూచి, కుప్ప చిన్నదే అంది.

ఇదంతా రాసి, మొదట్లో కొట్టిన ఆ గొప్పతో సహా, మనవడు రాకేశ్‌నైన నేను చదివి వినిపిస్తే, ఆమె చివరిదాకా విన్నది.

"నిన్ను తోల్కపోతనని ఇంతదాంక ఏ మేస్త్రీ రాలే. లేసి బర్రెకు నీళ్లు పెట్టు."