గోరంత రాతి పెచ్చు

“మింగేసి ఉంటే పేగు తెగిపోతది కదా మామా?”

కోడలు బిందు అడుగుతుంటే ఉంగ తన మనవరాలు రీనా నోట్లో పెట్టి తీసిన వేలిని లుంగీకి తుడుచుకుంటున్నాడు. ఆ గోరు కింద రాతిపొడి, పొగాకు, పొద్దుటి పేడ. ఆ వేలే పాప గొంతు దాకా పోయొచ్చిందని బిందు కొంగుతో పాప నోరు తుడిచింది.

మరైగూడలో ఉంగకు పొలం పనులు లేని రోజులన్నీ రాయి పనే. తండ్రి నేర్పింది. వాగులో చకుముకి రాళ్ళు ఏరి తెచ్చి, పెచ్చులు లేపి పలచన చేస్తాడు. వానకు అగ్గిపెట్టె తడిసినప్పుడు అడవిలో నిప్పు చేసుకోవడానికి ముసలివాళ్ళు ఇంకా వాటిని అడిగి తీసుకుపోతారు. ముందు అంచును గరుకు బండ మీద రుద్ది మొండి చెయ్యాలి. అప్పుడు చింతమొద్దుతో కొడితే దెబ్బ లోపలికి పారి, వెడల్పాటి పెచ్చు చేపపొలుసులా లేస్తుంది. రుద్దకుండా కొడితే అంచు పిండవుతుంది, రాయి నడిమికి విరుగుతుంది. వయసులో ఉన్నప్పుడు ఒక పెచ్చు ఎగిరి ఆయన ఎడమకన్ను తీసింది. ఆ కంట్లోంచి ఇప్పటికీ రసి కారుతుంది. పగులు కనపడడానికి రాయిని నాలుకతో నాకి చూస్తాడు. దగ్గి, పక్కకు కాండ్రించి ఊస్తాడు. భద్రాచలంలో కెమిస్ట్రీ చదివిన బిందుకు ఆ పొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో తెలుసు. ఆ దగ్గు వింటూ అన్నం తినడం ఆమె వల్ల అయ్యేది కాదు.

వసారాలో గోనెపట్టా పరిచి కొట్టడం, పని కాగానే పట్టా దులిపి పెచ్చులన్నీ వెనక గుంటలో పొయ్యడం ఉంగ పద్ధతి. ఆ రోజు పట్టాను కొడుకు సతీష్ ఇప్పపూలు ఆరబొయ్యడానికి తీసుకుపోయాడు. ఉంగ వట్టి నేల మీదే కూర్చున్నాడు. పొద్దున పేడతో అలికిన నేల, ఇంకా పచ్చిగానే ఉంది. ఎగిరిన పెచ్చులు అలుకులోకి దిగబడిపోయాయి. పాకుతూ వచ్చిన రీనా అక్కడి పేడంతా గుప్పెళ్ళతో నోట్లో కుక్కుకుంది. చూసేసరికి పెదవి తెగి నెత్తురు, పేడ, చొంగ కలిసి కారుతున్నాయి.

బిందు, సతీష్ పాపతో బండి మీద కుంట ఊళ్ళోని ఆసుపత్రికి పరుగెత్తారు. ఎక్స్‌రే ఫోటోలో స్పష్టంగా ఏమీ కనపడలేదు. వాంతులైనా, నెత్తురు పడ్డా వెంటనే తెమ్మని, లేకపోతే దొడ్డికి పోయినప్పుడల్లా చూడమని చెప్పి డాక్టరు పంపించేశాడు.

ఇంటికొచ్చేసరికి ఉంగ వసారా అంతా గీకేసి ఉన్నాడు. ఆ పేడను గంపలో కడిగి, దొరికిన పెచ్చులను ఒక్కొక్కటే తిరిగి రాతికి అతికిస్తున్నాడు. ఏది ఎక్కడ లేచిందో అక్కడే కూర్చుంటోంది. చివరికి అంచు పక్కన గోరంత గుంట మిగిలింది.

“ఇదొక్కటే లేదు,” అన్నాడు.

ఎగిరి గడ్డిలో పడిందేమోనని సతీష్ అన్నాడు. కానీ అది గాజుకు తమ్ముడులాంటిదని, కడుపులోని ఆమ్లం దాన్ని ఏమీ చెయ్యదని బిందుకు తెలుసు.

ఇక రీనా గుడ్డలో దొడ్డికి పోయినప్పుడల్లా బిందు పాత టీ జల్లెడ, చెంబుడు నీళ్ళు పట్టుకుని కూర్చునేది. వేళ్ళతో చిదిమేది. ఎంత సబ్బు రాసినా వాసన పోలేదు. కంచం ముందు కూర్చుంటే పప్పు కూడా అలాగే కనపడేది. కడకు ఒక మధ్యాహ్నం జల్లెడలో ఏదో వేలికి గీసుకుంది.

ఉంగ ఆ పెచ్చు అందుకున్నాడు. వెలుగుకు పట్టి చూసి, అలవాటుగా నాకాడు.

“మామా, ఛీ. అది ఏడికెళ్ళి వచ్చిందో తెల్వదా?”

“నా మనవరాలి కడుపులకెళ్ళి. ఎండిన రాయికి గీత కనపడదు బిడ్డా, ఏం జెయ్యమంటవ్?”

పెచ్చు గుంటలో సరిగ్గా కూర్చుంది. బిందు గోడ పట్టుకుని, ఏడుస్తూనే కక్కుకుంది.

ఆ సాయంత్రం ఉంగ తన రాళ్ళన్నీ కొట్టం అవతలికి మోసుకుపోయాడు. తిరిగొచ్చి, పాపను చంక దించని కోడలితో అన్నాడు: “ఎన్ని దినాలు ఎత్తుకుంటవ్? నిలబడి చూస్తే అన్నీ కనపడవు. పిల్లను దించేముందు నువ్వే ఓపాలి నేల మీద పాకు. గుచ్చుకునేదేందో నీకే ముందు గుచ్చుకుంటది.”

ఇప్పుడు రోజూ పొద్దున బిందు కుచ్చిళ్ళు పైకి దోపి వసారా అంతా పాకుతుంది. మోకాళ్ళకు కోడిరెట్ట అంటుతుంది. అరచేతికి నిన్నటి మెతుకులు, ఎవరో ఊసిన పొగాకు. ముక్కు మూసుకుందామంటే చెయ్యి ఖాళీ ఉండదు. గోడ దాకా పోయి తిరిగొచ్చి, చేతులు కడుక్కున్నాకే రీనాను కిందికి దించుతుంది.