గిద్యోను మాస్టారి కూడిక గుర్తు

గిద్యోను మాస్టారు ఎదురుపడితే బాగున్నావా అని అడగరు, "జరిగిందా?" అంటారు. ఆ ప్రశ్నకు మైపాడులో అందరికన్నా ఎక్కువసార్లు "జరిగింది సార్" అని చెప్పుకున్న ఘనత రొయ్యల గుంటల జీవానందానిది.

మాస్టారు నెల్లూరులో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన శాస్త్రమంతా ఒకటే: ఏదైనా మొదలయ్యాక చెడేదాకా ఎన్నాళ్లు పడుతుంది? ఆ చెడడాన్నే ఆయన 'జరగడం' అంటారు. ఊళ్లో ఎవరి చెప్పులు ఎప్పుడు కొన్నారో ఎప్పుడు తెగాయో, ఎవరి ఫ్యాను ఎప్పుడు కీచుమందో, అంతా ఆయన నోటుబుక్కులో ఉంటుంది. ఇంకా చెడకపోతే రోజుల అంకె పక్కన కూడిక గుర్తు పెడతారు. ఇంతవరకూ బాగుందని తెలుసు, ఆపైన తెలియదు. తెలియనిది జరిగిందనీ రాయకూడదు, జరగదనీ రాయకూడదని ఆయన సిద్ధాంతం.

ఊళ్లో కొత్త పెళ్లికూతురు క్యాథరిన్‌ని పెళ్లయిన మూడోనాడు చర్చి గుమ్మంలో అందరి ముందూ "ఏమ్మా, జరిగిందా?" అని అడిగారు. ఆ పిల్ల సిగ్గుతో లోపలికి పరుగెత్తింది. ఆయన అడిగింది మొదటి పోట్లాట గురించి.

జీవానందం తన చరిత్ర తానే నవ్వుతూ చెప్పుకుంటాడు. పొద్దుటి నడక నాలుగు రోజులు. పథ్యం ఆరు రోజులు, చేపల పులుసు వాసన తగిలేదాకా. ఇంగ్లీషు చదువు ఒకటిన్నర రోజు. అందులో అర రోజు పుస్తకం వెతకడానికే పోయింది.

ఈసారి సిగరెట్లు. మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. భార్య పుష్పకుమారి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే జీవానందానికి భయం. రోజూ సాయంత్రం ఆరింటికి మాస్టారి ఫోను.

"జరిగిందా?"

"ఇంకా లేదు సార్."

"నలభై ఆరు, కూడిక" అని పెట్టేసేవారు.

నలభై ఏడో రోజు గుంటలో వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. జీవానందం సముద్రం ఒడ్డు బంకులో ప్యాకెట్ కొని, ఒకటి వెలిగించి తలెత్తాడు. ఎదురుగా సైకిలు మీద మాస్టారు! చూపులు కలిశాయి. మాస్టారు సముద్రం వైపు తిరిగి, కాసేపు నిలబడి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఫోను రాలేదు.

తన బతుకింతే, ఇక రోజుకో ప్యాకెట్టే అనుకుంటూ మర్నాడు మాస్టారింటికి వెళ్లాడు.

"సార్, జరిగింది. రాసుకోండి."

"నేను చూడలేదే."

"ఎదురుగా ఉంటిరి గదా సార్!"

"ఉన్నా. సముద్రం చూస్తా ఉన్నా."

మాస్టారు నోటుబుక్కు ముందుకు తోశారు. నలభై ఏడు, పక్కన కూడిక. కింద చిన్న అక్షరాలతో, 'పరిశీలకుడు సముద్రం వైపు చూశాడు.' జీవానందం పేజీలు వెనక్కి తిప్పాడు. నడక నాలుగు, కూడిక. పథ్యం ఆరు, కూడిక. 'పరిశీలకుడు పులుసు గిన్నె వైపు చూశాడు.'

"ఒక్క అంకె మార్చినారని పిల్లకాయల్ని పరీక్ష తప్పించిన మనిషి మీరేనా సార్?"

"అంకె మార్చలేదయ్యా. మెడ తిప్పినా, అంతే."

జీవానందానికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి, నవ్వే గెలిచింది. "మీ మెడకు వైద్యం చేయించాలి సార్" అంటూ, తొమ్మిది సిగరెట్లు మిగిలిన ప్యాకెట్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

మాస్టారు మెడ తిప్పి కిటికీలోంచి బయటికి చూశారు.