పైనావిడ వండిన ఆదివారాలు

మొన్న శనివారం కెనడాలోని హామిల్టన్‌లో మా తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో నలుగురి ముందూ ఒక అబ్బాయి మీద అరిచాను. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడే. గుత్తివంకాయ వడ్డించుకుంటూ, "బ్రిటిష్ వాళ్ళు మిరియాల కోసం సముద్రాలు దాటొచ్చారు, తీరా దొరికాక కూరలో వేసుకోవడం మర్చిపోయారు. వాళ్ళకి అసలు వంటే రాదు బ్రో," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ జోకు అతనిది కూడా కాదు, ఫోన్లలో తిరిగి తిరిగి అరిగిపోయిందే. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "వాళ్ళింట్లో కూర్చుని ఎప్పుడైనా తిన్నావా? తినకుండా రాదని ఎలా చెప్తావ్?" అని అడిగాను. అడిగానని నేనంటాను, అరిచావని మా ఆయనంటాడు. ఆ అబ్బాయి ప్లేటు పట్టుకుని, "చిల్ ఆంటీ, జోకే కదా," అన్నాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "మామ్, ప్లీజ్, ఇట్స్ జస్ట్ ఎ జోక్," అంది. కారెక్కాక మా ఆయన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ మాటకి ఇంగ్లీషువాళ్ళే నవ్వుకుంటారు," అన్నాడు. నా కోపం ఆ అబ్బాయి మీద కాదని ఆయనకీ తెలుసు.

ఈ ఊరొచ్చిన కొత్తలో మేము ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు మనిషి. భర్తకి ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే పెళ్ళైన కొత్తలో వచ్చి, ఆయన పోయాక కూడా ఆ ఇల్లు వదల్లేదు. అప్పటికే ఎనభై దాటాయి. మేము ఆవిడని పైనావిడ అనుకునేవాళ్ళం. ఎదురుగా 'ఆంటీ' అని పిలిస్తే, "నీకు నేను ఎప్పుడు ఆంటీనయ్యాను?" అని మొదట్లో కసిరింది, తర్వాత పలకడం మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం మా ఇద్దరినీ 'లవ్' అని పిలిచేది. వాళ్ళ వైపు కూరగాయలవాణ్ణి కూడా అలాగే పిలుస్తారని తెలిసేదాకా మా ఆయన ఆవిడ ఎదురుపడితే తల దించుకుని మెట్లు దిగేవాడు.

మేము దిగిన మొదటి ఆదివారమే కిందికి రెండు ప్లేట్లు తెచ్చిచ్చింది. రోస్ట్ చేసిన కోడి, బంగాళాదుంపలు, ఉడికించిన క్యాబేజీ, పైన గ్రేవీ. గొడ్డుమాంసం తినం అని ఇంట్లో చేరేటప్పుడు ఒకే ఒక్కసారి చెప్పాం. ఆ ఒక్క మాటకి ఆ ఇంట్లో ఆదివారం వంట కోడికి మారిపోయిందని చాలా నెలల తర్వాత గానీ మాకు తెలియలేదు. ప్లేటు చూసి మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఎర్రగా ఏమీ కనబడలేదు. మా ఆయన లేచి ఆవకాయ జాడీ తెచ్చాడు. గంట తర్వాత ప్లేట్ల కోసం వచ్చినావిడ అంచుల్లో మిగిలిన ఎర్రనూనె చూసి, "ఇది రుచి చూశాక వేసుకున్నారా, చూడకముందేనా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడ మొహం కందిపోయింది. "మా ఇంట్లో ముందు రుచి చూస్తాం. తర్వాత నీ ఇష్టం, జాడీ అంతా పోసుకో," అని, "వచ్చే ఆదివారం పదింటికి పైకి రా," అని హుకుం జారీ చేసి వెళ్ళింది.

వెళ్ళాను. అలా ఆరేళ్ళు వెళ్ళాను. ఉప్పూకారం లేని వంట అని మేమంతా నవ్వుకునే ఆ వంట ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. మనం తాలింపు వేస్తే సగం తప్పులు కప్పబడిపోతాయి. ఆవిడ వంటలో తప్పు దాక్కోవడానికి చోటు లేదు. బంగాళాదుంపలు సగం ఉడికాక నీళ్ళు వంచేసి, మూతపెట్టి గిన్నెని రెండు చేతులతో గలగలా కుదిపేది. అంచులు చెదిరితేనే కాగిన నూనెలో కరకరలాడతాయట. వంచిన నీళ్ళు పారబోస్తే ఒప్పుకునేది కాదు. కోడి కాల్చిన పళ్ళేనికి అడుగున అంటిన గోధుమరంగు మడ్డినంతా పిండి చల్లి గీకి, ఆ నీళ్ళే పోసి గ్రేవీ కాచేది. ఇక యార్క్‌షైర్ పుడ్డింగ్. పేరు విని స్వీటనుకున్నాను. గుడ్లు, మైదా, పాలు ఒకే టీకప్పుతో సమానంగా కొలిచి కలిపి, పొద్దుటే కిటికీ దగ్గర నానబెట్టి, పొగలొచ్చేలా కాగిన నూనెలో పోసి ఓవెన్‌లో పెడితే గిన్నెల్లా పొంగుతాయి. అందులో గ్రేవీ పోసుకుని తినాలి. మధ్యలో ఓవెన్ తలుపు తెరిస్తే కూలిపోతాయి. ఒకసారి నేను తెరిచాను. ఆ రోజు ఆవిడ నన్ను తిట్టిన తిట్లలో సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగమే చాలు. అయినా ఆ చప్పిడి పుడ్డింగులే ఆ ఇంట్లోనే పుట్టిన మా అమ్మాయికి మొదటి ఘనాహారం. పైనావిడే చిన్నచిన్న ముక్కలు చేసి, ఊది నోట్లో పెట్టేది. బుధవారాలు నేను చారు పట్టుకెళ్ళేదాన్ని. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ముందు ఒట్టిది రుచి చూసి, తర్వాతే బ్రెడ్డు ముంచుకునేది. ఆవిడ నియమం ఆవిడకీ వర్తిస్తుంది మరి.

ఏడో ఏట చలికాలంలో వాకిట్లో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని వచ్చిన నాలుగో రోజే ఆదివారం. ఒంటిచేత్తో రోస్ట్ చేసింది. బరువైన పళ్ళెం ఓవెన్‌లోంచి తీసింది మాత్రం నేను, అంతే నా సాయం. వాంకూవర్‌లో ఉండే కొడుకు భయపడిపోయి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఒక రోజు ప్రభుత్వం తరఫున ఒక కేస్ వర్కర్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల, మర్యాదస్థురాలు. ఆవిడ ఒంటరిగా ఆ ఇంట్లో ఉండగలదా, వృద్ధుల హోమ్‌కి పంపాలా అని తేల్చడానికి వచ్చింది. వంటింట్లోనే కూర్చున్నాం. పైనావిడ కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టుకుని, రెండో చేత్తో బఠాణీలు ఒలుస్తోంది. ఆ అమ్మాయి నన్ను, "రోజూ ఆవిడకి వంట ఎవరు చేస్తారు?" అని అడిగింది.

నిజం చెప్పడానికి ఎంత చోటుంది అక్కడ! ఆవిడే వండుకుంటుంది, మాకూ వండి పెడుతుంది అంటే సరిపోయేది. కానీ ఆ మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది? ఎనభై ఏడేళ్ళ ముసలావిడ చేత వండించుకుని, కింద కూర్చుని తింటున్నామని ఒక పరాయి మనిషి ముందు ఒప్పుకోవాలా? మా అత్తగారు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరితో, "ఆవిడని ఇటు పుల్ల తీసి అటు పెట్టనివ్వను," అని చెప్పుకున్నదాన్ని. రోజూ కూరలు తరిగేది అత్తగారే, అది వేరే సంగతి. పెద్దవాళ్ళ గురించి అడిగితే చెప్పే మాట ఒకటుంటుంది మనకి, అదే చెప్పాను. "అన్నీ నేనే చూసుకుంటాను. ఆవిడని స్టవ్ దగ్గరికి కూడా రానివ్వను," అన్నాను. గర్వంగా అన్నాను.

బఠాణీలు ఒలిచే చెయ్యి ఆగింది. "నా వంట నేనే చేసుకుంటాను," అంది పైనావిడ. ఆ అమ్మాయి ముసలివాళ్ళని చూసి నవ్వే నవ్వు ఒకటి నవ్వి, నా వైపు చూసింది. అక్కడైనా ఆగానా? లేదు. "మొహమాటానికి అలా అంటారు. నాకు శ్రమ ఇస్తున్నానని ఆవిడకి బాధ," అన్నాను. ల్యాప్‌టాప్‌లో నా మాటే టకటకా ఎక్కింది. సేవ చేసే మనిషి ఒక మాట, చేయించుకునే ముసలిమనిషి ఒక మాట చెబితే ఏది రాసుకుంటారు? ఆ అమ్మాయి వెళ్ళాక పైనావిడ నా మొహం చూడకుండా, "నువ్వేం చేశావో నీకు తెలుసా, లవ్?" అంది. అప్పటికీ తెలియలేదు నాకు. నెల తర్వాత కొడుకు ఫోన్ చేసి, "అమ్మని హోమ్‌లో చేరుస్తున్నాం. నిజం దాచకుండా చెప్పినందుకు థాంక్స్, అమ్మ నాకెప్పుడూ ఒప్పుకోలేదు," అన్నప్పుడు తెలిసింది. ఆ కేస్ వర్కర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. నేను చెప్పింది తప్పని, ఆవిడ ఒంటిచేత్తో కోడి కాల్చిందని మొత్తుకున్నాను. ఆ అమ్మాయి ఎంతో ఓర్పుగా, "ఈ టైమ్‌లో గిల్టీగా అనిపించడం సహజమే," అంది. ఇవాళ్టికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండిపోతుంది. ఆ అమ్మాయి మీదా, ఆ కొడుకు మీదా మండిపడి చూశాను. వాళ్ళు చేసిన తప్పేముంది, నన్ను నమ్మడం తప్ప.

ఇల్లు అమ్మేశారు, మేమూ మారిపోయాం. హోమ్‌లో ఆవిడ గదికి కిటికీ ఉంది, టీవీ ఉంది, టీకి నీళ్ళు కాచుకునే కెటిల్ మాత్రం పెట్టుకోనివ్వరు. నేను ఆసుపత్రి వంటింట్లో ట్రేలు సర్దే ఉద్యోగం చేసేదాన్ని. హోమ్‌లో ఆవిడకొచ్చే భోజనం ట్రేలాంటివి అక్కణ్ణించి ఎన్ని వందలు పంపానో. మూత తీస్తే ఐస్‌క్రీమ్ గరిటెతో వేసిన బంగాళాదుంప ముద్ద, పొడి కలిపిన గ్రేవీ. ఆవిడ ప్రతిసారీ ముందు రుచి చూసేది, ఆ తర్వాత ఫోర్కు కింద పెట్టేసేది. నేను మొదటి మూడుసార్లు వెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగోసారి, "ఎందుకలా చెప్పావు?" అని అడిగింది. చెప్పాను. మా వైపు పెద్దవాళ్ళతో పని చేయించుకోవడం నామోషీ అని, పని చేయనివ్వలేదని చెప్పడం గౌరవమని, ఆవిడకి మర్యాద చేద్దామనే అలా అన్నానని చెప్పాను. శ్రద్ధగా వింది.

"మీ వైపు అది గౌరవమే కావచ్చు. కానీ ఆరేళ్ళు ప్రతి ఆదివారం నా చేతి వంట తిన్నావు. తిన్నానని చెప్పడానికి నీకెందుకు సిగ్గేసింది?" అంది.

ఆవిడ ఆ హోమ్‌లో ఏడాదిన్నర ఉంది. మళ్ళీ ఒక్క గుడ్డు కూడా పగలగొట్టకుండానే పోయింది. వాళ్ళకి వంట రాదని ఆ అబ్బాయి పాట్‌లక్‌లో నవ్వులాటకి అన్నాడు. నేను అదే మాట ప్రభుత్వం కాగితం మీద రాయించాను. అరవై ఏళ్ళకి పైగా వండిన మనిషిని వంట చేసుకోలేని మనిషిని చేయడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.