విమానం దిగే రోజు మాత్ర

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో నలభై అయిదు నిమిషాలు. నేను ఫార్మసీ పాఠాలు చెప్తానని తెలియగానే, పక్క సీటులోని యువతి విప్పని గర్భనిరోధక మాత్రల అట్ట తీసింది.

"అక్కా, మా ఆయన రేపు దుబాయ్ నుంచి దిగుతుండు. రేపు పొద్దుగాల ఒకటి ఏస్కుంటె సాలు గదా?"

"పీరియడ్ ఎప్పుడచ్చింది?"

"పది దినాలాయె."

మొదటి అయిదు రోజుల్లో మొదలుపెడితే ఈ రకం మాత్ర వెంటనే పనిచేస్తుందనీ, ఇప్పుడైతే వరుసగా ఏడు రోజులు వేసుకునేదాకా నిరోధ్ తప్పదనీ చెప్పాను.

"మరి ముందుగాల్నే ఎందుకు ఏస్కోలే?" అనడిగాను.

"ఆయన లేంది గోలీలు దండుగ గాదా? ఇద్దరు పిల్లలు సాలక్కా. కుట్టుమిషన్ పని గిప్పుడే దొరికింది."

మళ్ళీ మొదటినుంచి వివరించాను. ఆమె భర్తకు ఫోను కలిపి నా చేతిలో పెట్టింది. "నేను చెప్తె ఇనడు. నువ్వే చెప్పు."

బస్సు మోతలో అరవక తప్పలేదు. అందరూ విన్నారు.

"మేడం, నాకు సెలవే పదిహేను దినాలు," అన్నాడతను దీనంగా.

"నిరోధ్ వాడితే పదిహేనూ మీవే."

ఆమె అక్కడే మొదటి మాత్ర వేసుకుంది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. మొత్తం నష్టం: రెండు కిలోమీటర్ల ఎండ, నా సీసాలోని నీళ్ళు.